రాగిరేకు

తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు దొరుకుతాయి. మా తుమ్మలపల్లె కింద యురేనియమే దొరికింది, 2012 నుంచి తవ్వుతున్నారు. ఇట్లాంటి సీమలో నేల కింద ఏమీ లేదని మగవాళ్ళను ఒప్పించడం ఎవరి తరం చెప్పండి! 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి ఉందంటే సర్కారే అనుమతిచ్చి తవ్వించింది. వార్తా ఛానెళ్ళలో రోజూ అదే. ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి గానీ బంగారం కనపడలేదు.

మా పిల్లోడికిప్పుడు ఓక్ ఐలండ్ పిచ్చి. కెనడాలో చిన్న దీవి. 1795 నుంచి అక్కడ ఎవరో ఒకరు తవ్వుతూనే ఉన్నారట. రిక్, మార్టీ లగీనా అనే అన్నదమ్ములు తవ్వుతుంటే 2014 నుంచి హిస్టరీ ఛానెల్‌ వాళ్ళు చూపిస్తున్నారు. టెంప్లర్లని పాతకాలపు క్రైస్తవ యోధులు ఉండేవాళ్ళు. 1307లో ఫ్రాన్స్ రాజు ఫిలిప్ వాళ్ళను పట్టి జైల్లో వేయించాడు. వాళ్ళ సొత్తు ఓడలెక్కి ఈ దీవికి చేరిందని కథ. 2017లో ఒక సీసపు శిలువ దొరికాక ఆ కథకు మళ్ళీ ఊపిరొచ్చింది. ఏడుగురు చస్తేగానీ నిధి దొరకదట, ఆరుగురు పోయారట.

మా చిన్నమ్మ ఈ మధ్య వచ్చినప్పుడు రెండు భాగాలు కదలకుండా కూర్చుని చూసింది. "వాళ్ళ పెండ్లాం బిడ్డలు ఏం తిని బతుకుతారురా?" అంది.

"మార్టీ గ్యాస్ వ్యాపారంలో ముందే బాగా సంపాదించినాడు అవ్వా."

"అట్లయితే తవ్వుకోనీలే."

మా బాబాయికి గ్యాసూ లేదు, టీవీ వాళ్ళూ లేరు. ఉన్నది రెండెకరాల మెట్ట, చిన్నమ్మ మెడలో గుండ్ల దండ. ఎవరో స్వామి రాగిరేకు ఒకటి తెచ్చి, దాంట్లో నిధి గుర్తులున్నాయన్నాడు. ప్రతి అమావాస్యకూ పూజ, ప్రతి పూజకూ డబ్బు. మొదట దండ పోయింది, తర్వాత ఒక ఎకరా. పెద్దదాని చదువు పదితో ఆగిపోయింది. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే. ఆ రోజుల్లోనే వాళ్ళ ఊరి గుట్టమీది పాత శివాలయంలో నందిని రాత్రికి రాత్రి పగలగొట్టారు. బాబాయి గుంపు కాదని చిన్నమ్మ అంటుంది. మేము గుచ్చి అడగం.

బాబాయి పోయి తొమ్మిదేండ్లు. రాగిరేకు మాత్రం ఆమె బీరువాలో పట్టుచీర మడతలో ఉంది. పాత సామాన్ల వాడికి వేసెయ్ అంటే ఒప్పుకోదు. "దానికి ఎంత పెట్టినామో నీకేం తెలుసే" అంటుంది.