జీతం లేని గంటలు

గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివి, అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి హ్యూస్టన్ వచ్చాక ఏళ్ల తరబడి ఐసీయూలోనే చేశాను. నర్స్ ప్రాక్టీషనర్ కావాలని గట్టిగా ఉండేది. రోగిని పరీక్షించడం, జబ్బు ఏమిటో తేల్చడం, మందు రాయడం ఆ చదువుతో నర్సు చేతికి వస్తాయి. మన దగ్గర ఎమ్మెస్సీ నర్సింగ్ అంటే డ్యూటీ వదిలి రెండేళ్లు కాలేజీలో కూర్చోవాలి. ఇక్కడ ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైమ్‌లో చదవొచ్చు.

టెక్సస్‌లో ఉండేవాళ్లకు ఫీజు తక్కువని ప్రభుత్వ యూనివర్సిటీలో చేరాను. మా ఆసుపత్రి ఏడాదికి 5,250 డాలర్లు ఇచ్చింది. చదువుకని యజమాని ఇచ్చే డబ్బు మీద అంతవరకే పన్ను ఉండదు కాబట్టి చాలా ఆసుపత్రులు అక్కడే ఆగుతాయి. మిగతాది జీతంలోంచి కట్టుకునేలా సెమిస్టర్‌కి ఒక్కో సబ్జెక్టే తీసుకున్నాను.

థియరీ నడిచినన్నాళ్లు ఎలాగో నెట్టుకొచ్చాను. ఫార్మకాలజీ మాత్రం ఏడిపించింది. మెటోప్రొలాల్ ఎన్నిసార్లు ఇచ్చి ఉంటానో! అదే మందు ఎవరికి రాయాలి, ఆస్తమా ఉన్న మనిషికి రాయొచ్చా, ఎంత డోసుతో మొదలుపెట్టాలి అని అడిగేసరికి, అది నాకు తెలియని మందులా అనిపించేది.

అసలు కష్టం క్లినికల్స్‌తో వచ్చింది. 2022లో వచ్చిన జాతీయ ప్రమాణాలు రోగులను నేరుగా చూసే కనీస గంటలను 500 నుంచి 750కి పెంచాయి. వాటికి జీతం ఉండదు. క్లినిక్‌లేమో పగలు, అదీ సోమవారం నుంచి శుక్రవారం దాకానే తెరిచి ఉంటాయి. పక్కన నిలబడి నేర్పే ప్రిసెప్టర్‌ను కూడా విద్యార్థే వెతుక్కోవాలన్నారు. ఫోన్లు చేశాను, రెజ్యూమె పట్టుకుని క్లినిక్‌ల గుమ్మాలెక్కాను. చాలామంది జవాబే ఇవ్వలేదు, కొందరు డబ్బడిగారు. ఫీజు కట్టిన విద్యార్థి చేత ఈ తిరుగుడు తిప్పించడం అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. చివరికి నైజీరియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ రమ్మన్నారు. పైసా అడగలేదు.

నైట్ డ్యూటీ పొద్దున ఏడింటికి దిగి, కారులోనే బట్టలు మార్చుకుని, ఎనిమిదింటికి ఆవిడ క్లినిక్‌లో ఉండేదాన్ని. ఒకరోజు సిగ్నల్ దగ్గర నిద్ర పట్టేసింది. వెనక కార్ల హారన్లకు మెలకువ వచ్చి చూస్తే కాళ్లూ చేతులూ వణుకుతున్నాయి. ఆ సాయంత్రమే మేనేజర్‌కు ఫోన్ చేసి శుక్ర, శని, ఆదివారాల డ్యూటీలకు మారిపోయాను. పన్నెండేసి గంటల షిఫ్టులు మూడు చేస్తే ఫుల్‌టైమ్ కిందే లెక్క, ఇన్సూరెన్స్ పోదు. కాకపోతే బడి లేని రోజుల్లో నా కొడుక్కి అమ్మ లేకుండా పోయింది. వాడి పుట్టినరోజు ఫోటోల్లో నేను లేను. ఆ లోటు ఏ స్కాలర్‌షిప్పూ పూడ్చలేదు.

బోర్డు పరీక్ష పాసయ్యాను. ఇప్పుడు నా దగ్గరికీ విద్యార్థులు వస్తున్నారు. డబ్బు తీసుకోను. నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చినవాళ్లను నిద్రపోయి రేపు రమ్మని పంపేస్తాను. ఏ కోర్సులో చేరమంటావక్కా అని అడిగేవాళ్లకు, ఫీజు సంగతి తర్వాత, ముందు ప్రిసెప్టర్‌ను ఎవరు చూపిస్తారో యూనివర్సిటీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోమంటున్నాను.