చందమామ మొహాన కుందేలు

చందమామలో కుందేలుందని మనకు చిన్నప్పుడే చెప్పేశారు. శశాంకుడనే పేరు దానివల్లే వచ్చింది. అదే కుందేలు మెక్సికోలో ఆజ్టెకుల కథలోనూ ఉందని చదివినప్పుడు భలే సరదా వేసింది. కాకపోతే అక్కడ అది దెబ్బ తాలూకు మచ్చ!

వాళ్ల లెక్కలో మనది ఐదో సూర్యుడి కాలం. అంతకుముందు నాలుగు లోకాలు పోయాయి. ఒకదాంట్లో మనుషుల్ని జాగ్వార్లు తినేశాయి, మిగతావి గాలికి, నిప్పుల వానకి, వరదకి సరి. చీకట్లో దేవుళ్లంతా తియోతివాకన్‌లో చేరారు. మంటలో దూకి సూర్యుడయ్యేదెవరు? తెకుసిస్తెకట్ అనే (నోరు తిరిగితే తిరిగినట్టు) డాబుసరి దేవుడు నేనన్నాడు. రెండోవాడిగా నానావత్సిన్‌ని పిలిచారు. బీదవాడు, ఒళ్లంతా పుండ్లు. డాబుసరి ఆయన ఖరీదైన ఈకలు, బంగారం సమర్పించాడు. ఈయన రెల్లు కట్టలు తెచ్చాడు. ధూపానికేమో తన పుండ్ల మీది పక్కులే.

డాబుసరి దేవుడు నాలుగుసార్లు మంట దాకా వెళ్లాడు, నాలుగుసార్లూ జంకాడు. నానావత్సిన్ కళ్లు మూసుకుని దూకేశాడు. అది చూసి సిగ్గేసి ఆయనా దూకాడు. ఇద్దరూ ఒకే వెలుగుతో ఉదయిస్తే ఎలా? ఒక దేవుడు కుందేలు తీసి రెండోవాడి మొహాన కొట్టాడు. వెలుగు తగ్గి చంద్రుడయ్యాడు.

మా మనవరాలికి ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తాను. ఆ తర్వాతది నాకే మింగుడుపడదు. పైకొచ్చిన సూర్యుడు కదల్లేదు. దేవుళ్లంతా ప్రాణాలిస్తేగానీ కదల్లేదు. దేవుళ్లు చేసిన ఆ అప్పు మనుషులు నెత్తురుతో తీర్చాలన్నారు. నరబలికి వెనకున్న నమ్మకం అదీ. పుండ్ల దేవుడంటే ఎంత ఇష్టమో, ఈ లెక్కంటే అంత భయం నాకు.

52 ఏళ్లకోసారి ఊళ్లో నిప్పులన్నీ ఆర్పేసి, కొండ మీద పూజారులు కృత్తికల కోసం కాచుకునేవారు. మన పల్లెల్లో పిల్లలకోడి అంటామే, ఆ చుక్కల గుంపు వాళ్లకి సంత. అది నడినెత్తి దాటితే లోకం నిలిచినట్టే. అప్పుడు ఓ బందీ గుండెల మీద కొత్త నిప్పు రాజేసేవారు. ఆ రాత్రి పిల్లలు నిద్రపోతే ఎలుకలైపోతారని తల్లులు తట్టి లేపుతూనే ఉండేవారట.

ఆఖరిసారి అలా చేసింది 1507లో. 1521లో వాళ్ల నగరం స్పెయిన్ చేతికి చిక్కింది. మళ్లీ 52 ఏళ్లు నిండాల్సింది 1559లో. సరిగ్గా ఆ రోజుల్లోనే బెర్నార్దినో దె సహగున్ అనే క్రైస్తవ సన్యాసి, తెపెపుల్కోలో ముసలివాళ్లని కూర్చోబెట్టి, పాత సంగతులు చెప్పించుకుని రాయిస్తున్నాడు.