పావలా బిళ్ళ

చీటీ పాడి యాభై వేలు ఇంటికి తెచ్చాను. దేనికంటారా? పాట వినడానికి. పాడి తెచ్చిన సొమ్ము పాటకే పోవడం న్యాయమని మా ఆవిడను ఒప్పించేసరికి రెండు రోజులు పట్టింది.

స్టీరియో అంటే ఒక్క వస్తువు కాదాయె. రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు, జత స్పీకర్లు, వాటిని కలిపే తీగెలు. దేనికెంత పెట్టాలన్న మీమాంసతో మా వసారా వారం రోజులు సభాస్థలి అయింది. మా బావమరిది ఆంప్లిఫయరు పక్షం. వాట్లు ఎన్నుంటే అంత వైభవమంటాడు. దుకాణదారు తీగెల మహిమను వర్ణించాడు. వెల విన్నాక అవి రాగివో బంగారువో నాకు బోధపడలేదు.

చివరికి మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడు తీర్పు చెప్పాడు.

"మాస్టారూ, యాభై వాట్లను వంద చేస్తే పెరిగేది 3 డెసిబెల్సు. చెవికి రెట్టింపు అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. అంచేత ఆ మోజు మానండి. విద్యుత్తును గాలి కదలికగా మార్చేది స్పీకరు. తప్పులు ఎక్కువ జరిగేది అక్కడే. సగం డబ్బు దానికి పెట్టి, తరువాత గది సంగతి చూసుకోండి."

అలాగే చేశాను. స్పీకర్లను అడ్డం లేకుండా మూలల్లో పెడితే మృదంగం పీపాలో వాయించినట్టు మోగింది. గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపి, నేల మీద జంపఖానా పరిస్తే తేరుకుంది. నడవడానికి దారి లేదని మా ఆవిడ గొడవ అలా ఉంచండి.

అప్పుడు మా నాన్నగారు బీరువాలోంచి చిట్టిబాబు గారి వీణ రికార్డు తెచ్చారు. అది మా అమ్మది. అమ్మ పోయి ఆరేళ్లయింది. రోజూ సాయంత్రం దీపం పెట్టాక మొదటి వైపు వేసుకుని కూర్చునేది. రెండో వైపు తిప్పేలోగా వంటింట్లో ఎసరు మరిగేది.

సూది ఆనింది. వీణ పలికింది. దానితోపాటే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడూ వచ్చింది. పైస్థాయి స్వరం పలికినప్పుడల్లా ఒకటే జీర. పాత పెట్టెలో ఇదంతా ఎన్నడూ వినబడలేదు. మంచి స్పీకర్లు కదా, దాచలేదు.

కారణం నాకు తెలుసు. 1996లో, ఇంటరు చదివే రోజుల్లో, అరిగిన సూది మార్చమని నాన్నగారు ఇచ్చిన డబ్బుతో సినిమాలు చూశాను. సూది గంతులు వేయకుండా దాని తల మీద పావలా బిళ్ళ అతికించాను. ఇప్పటి సూదులు గాడి మీద మోపే బరువు సుమారు 2 గ్రాములు. ఆ బిళ్ళ ఒక్కటే 3 గ్రాములకు దగ్గర. అరిగి ఉలిలా తయారైన మొన, ఆ బరువుతో, అమ్మ విన్న ప్రతి సాయంత్రమూ గాడి గోడలను చెక్కుకుంటూ పోయిందన్నమాట. స్పీకరు చెడితే మార్చుకోవచ్చు, ఆంప్లిఫయరు కాలితే బాగు చేయించవచ్చు. చెక్కిపోయిన గాడిని పూడ్చేదెవరు? వారం రోజుల చర్చలో సూది పేరు ఎవరూ ఎత్తలేదు, నాతో సహా.

నాన్నగారితో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"ఆ పావలా నేనూ చూశానురా. పోనీలే, పాడుతోంది కదా అని ఊరుకున్నాను," అన్నారు చివరికి. "రెండో వైపు వెయ్యి. అది అరిగి ఉండదు."

వేశాను. వీణ శుభ్రంగా పలికింది. నాన్నగారు వంటింటి వైపు చూస్తూ, రికార్డు అయిపోయేదాకా కూర్చున్నారు.