గౌలిపుర నుండి మూసీ వరకు

హైదరాబాదు పాతనగరమున, చార్మినారునకు ఆగ్నేయముగా గౌలిపుర యను పేట కలదు. గౌలీ యనగా పశువులను మేపి పాలమ్ముకొని జీవించువాడు. ఒకప్పుడు నగరమునకు పాలు పోసినవారి పేట యగుటచేత దీనికా పేరు వచ్చినదందురు.

ఆ పేటలో ఒక వృద్ధుడు నివసించుచుండెను. అతడు పత్థర్‌గట్టిలోని ఒక బట్టల దుకాణమున నలువది యేండ్లు లెక్కలు వ్రాసి విశ్రాంతి పొందినవాడు. ఎండయైనను వానయైనను ఇంటినుండి దుకాణమునకు నడచియే పోయెడివాడు. నడచియే తిరిగి వచ్చెడివాడు. త్రోవలోని ప్రతి అంగడియు, ప్రతి అరుగును అతనికి పరిచితములే.

అతని కుమారుడు కూకటుపల్లిలో ఒక క్రొత్త యిల్లు కొనెను. నెలాఖరునకు సామానులు తరలింపవలెనని నిశ్చయమయ్యెను. తండ్రిని గూడ రమ్మని కుమారుడు పలుమారులు వేడుకొనెను. వృద్ధుడు వత్తుననియు చెప్పలేదు, రాననియు చెప్పలేదు. ఎవరైనను అడిగినచో మాట మార్చెడివాడు.

ఇట్లుండగా, ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమనికి బడిలో ఒక పని నిచ్చిరి. తమ ఊరిలో చూడదగిన పది స్థలములను గూర్చి వ్రాసికొని రావలెను. బాలుడు చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగు మ్యూజియము అని మూడు పేరులు వ్రాసి ఆగిపోయెను.

"మన పేటలో చూడదగిన దేమున్నది, తాతయ్యా? ఇరుకు సందులు, పాత ఇండ్లు తప్ప!" అనెను.

వృద్ధుడు నవ్వి, "రేపు ఆదివారము గదా! పెందలకడ లేచి పుస్తకము తీసికొని నాతో రమ్ము, నాయనా" అని చెప్పెను.

మరునాడు ఇరువురును బయలుదేరిరి. పది అడుగులు వేయకముందే వృద్ధుడు నిలిచి, "మొదట గౌలిపుర దర్వాజా యని వ్రాయుము" అనెను. బాలుడు నలుదెసలు చూచెను. అచ్చట దర్వాజా ఏదియు కానరాలేదు.

"పూర్వము ఈ నగరము చుట్టును రాతిగోడ యుండెడిది. ముబారిజ్‌ఖాను దానిని మొదలిడగా మొదటి అసఫ్‌జా పూర్తి చేయించెను. దానికి పదుమూడు దర్వాజాలు. అందొకటి గౌలిపుర దర్వాజా. నేడు పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా అను రెండు మాత్రమే నిలిచియున్నవి. తక్కినవి పడిపోయినను వానిలో కొన్నిటి పేరులు పేటలకు నిలిచినవి. రాయి కంటె మాట గట్టిదని దీనివలన తెలియుటలేదా?" అని వృద్ధుడు వివరించెను. బాలుడు పేరు వ్రాసికొనెను.

అచ్చటినుండి వారు లాల్‌దర్వాజా చేరి సింహవాహినీ మహంకాళి ఆలయమున నమస్కరించిరి. ఆషాఢమాసమున బోనాల పండుగ గోలకొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళిని సేవించి, పిమ్మట ఇచ్చటికి వచ్చును. భోజనమను మాటయే బోనమైనది. క్రొత్తకుండలో వండిన అన్నమును వేపమండలతో అలంకరించి, పైన దీపముంచి, స్త్రీలు తలపై మోసికొనివచ్చి అమ్మవారికి నివేదింతురు. 1908లో మూసీనది పొంగినప్పుడు ఆరవ నిజాము మహబూబు అలీఖాను బంగారు చాటలో పసుపు కుంకుమలుంచి నదికి సమర్పించెనని ఈ ప్రాంతీయులు నేటికిని చెప్పుకొందురు.

షాలీబండ దాటి చార్మినారు సమీపించునప్పటికి ఎండ పొడసూపెను. ఎడమవైపున మక్కామసీదు కానవచ్చెను. 1617లో మహమ్మదు కుతుబ్‌షా దీనికి పునాది వేయగా, 1694లో ఔరంగజేబు కాలమున నిర్మాణము ముగిసెను. డెబ్బదియేడేండ్ల పని! పునాదిరాయి చెక్కినవాడు కట్టడము పూర్తియగుట చూచియుండడు. ఆ మాట విని బాలుడు మసీదును మరియొకసారి తేరిపార జూచెను.

మహమ్మదు కులీ కుతుబ్‌షా 1591లో కట్టించిన చార్మినారును బాలుడు పలుమారులు చూచియుండెను. కాని దాని నాలుగు వైపుల గడియారములను 1889లో అమర్చిరని అతడెరుగడు. "నలువది యేండ్లు ఈ గడియారమే నాకు యజమాని. దీనిని చూచియే అడుగుల వేగము పెంచెడివాడను" అని వృద్ధుడు పలికెను.

ప్రక్కనున్న హోటలులో ఇరువురును ఇరానీ చాయ త్రాగిరి. మూతపెట్టిన పాత్రలో తేయాకు కషాయమును సన్నని సెగపై చాలసేపు మరగనిచ్చి, వేరుగా కాచి చిక్కపరచిన పాలను అందు కలుపుట ఈ చాయలోని విశేషము. దానితోడి ఉస్మానియా బిస్కత్తు తీపియు ఉప్పును కలిసి నోటిలో కరగిపోవును. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేర అది ప్రసిద్ధమైనది.

పిమ్మట లాడ్‌బజారులో ఒక గాజుల పనివాని ముంగిట నిలిచిరి. అతడు లక్కను నిప్పులపై మెత్తపరచి, సన్నని కడ్డీగా సాగదీసి, గుండ్రముగా వంచి, చల్లారకముందే చిన్న రాళ్ళను ఒక్కొక్కటిగా పొదుగుచుండెను. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. "చల్లారినచో రాయి అతుకదు, తొందరపడినచో వ్రేలు కాలును. చదువును ఇట్టిదే" అని వృద్ధుడు మనుమనితో ననెను.

గుల్జార్‌హౌజు దాటి, మఛిలీకమాను క్రిందుగా పత్థర్‌గట్టికి పోయిరి. రాతి కమానుల నీడలో వరుసగానున్న ఆ దుకాణములను వృద్ధుడు తన బంధువుల ఇండ్లవలె చూపుచు నడచెను. తుదకు ఇరువురును నయాపూల్‌పై నిలిచిరి. దిగువ మూసీ సన్నగా పారుచుండెను.

"1908 సెప్టెంబరు 28వ తేదీన ఈ నది ఉప్పొంగి వేలాది జనులను పొట్టన బెట్టుకొనెను. ఆవలి యొడ్డున, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు కలదు. దాని కొమ్మలను పట్టుకొని సుమారు నూటయేబది మంది ప్రాణములు దక్కించుకొనిరి. వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిరి. అతని సలహా ననుసరించి ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టబడెను. నాయనా, రాజులు కట్టిన మేడలను అందరును చూతురు. నేను మాత్రము ఆ చెట్టునకే ముందుగా నమస్కరింతును" అని వృద్ధుడు చెప్పెను. బాలుడు చింతచెట్టు అని వ్రాసెను.

తిరిగివచ్చునప్పుడు వారు మీరాలం మండీ మీదుగా నడచి గౌలిపుర చేరిరి. తమ సందు మొగదల వృద్ధుడు ఆగెను. అచ్చట సెల్‌ఫోనులు బాగుచేయు చిన్న దుకాణ మొకటి యుండెను. అతడు దానివంకనే చూచుచు మెల్లగా ఇట్లు చెప్పెను.

"ఇచ్చట పూర్వము ఒక నాను రొట్టెల బట్టీ యుండెడిది. 1990 డిసెంబరులో నగరమున మతకల్లోలములు చెలరేగి కర్ఫ్యూ విధించిరి. అప్పుడు మీ నాన్నకు ఆరేండ్లు. ఇంటిలో బియ్యము నిండుకొనెను. అడుగు బయట పెట్టుటకు వీలు లేదు. ఒకనాటి రాత్రి పెరటిగోడ అవతల ఎవరో మెల్లగా పిలిచిరి. భయముతో పోయి చూచితిని. బట్టీ యజమాని! గుడ్డలో చుట్టిన రొట్టెలను గోడమీదుగా అందించి, 'చల్లారకముందే లోనికి పొండు' అనెను. అట్లు మూడు రాత్రులు అందించెను. అతనిది మా మతము కాదు. ఎవరైనను చూచినచో అతని ప్రాణమునకే ముప్పు. కర్ఫ్యూ సడలినపిదప డబ్బు తీసికొనిపోతిని. 'ఆ రొట్టెలకు నేను లెక్క వ్రాయలేదు' అని నవ్వి త్రిప్పిపంపెను."

"ఆయన ఇప్పుడెక్కడ నున్నాడు, తాతయ్యా?"

"గతించి చాలకాలమైనది. పిల్లలు వేరొకచోటికి తరలిపోయిరి. నలువది యేండ్లు లెక్కలు వ్రాసితిని, నాయనా. ఈ యొక్క పద్దు మాత్రము నేటికిని తీరలేదు. దినమునకొకసారి ఈ మూలకు వచ్చి నిలిచి పోవుచుందును. నేనును వెడలిపోయినచో ఇచ్చట ఇట్టిది జరిగినదని ఎరిగినవాడు ఎవడుండును?"

బాలుడేమియు పలుకలేదు. ఆ రాత్రి చాలసేపు కూర్చుండి వ్రాసెను. తెల్లవారి బడికి పోవుటకు ముందు పుస్తకమును తాతయ్య చేతికిచ్చెను. వృద్ధుడు కండ్లద్దములు సవరించుకొని చదివెను. తొమ్మిది స్థలములు వరుసగా నుండెను. పదవది ఇట్లుండెను:

"గౌలిపుర నాను బట్టీ. ఇప్పుడు లేదు. 1990లో ఇచ్చటి యజమాని మూడు రాత్రులు మా నాన్నకు అన్నము పెట్టెను. అందుచేత ఇది చూడదగిన స్థలము."

వృద్ధుడు ఆ మాటలను రెండుమారులు చదివెను. పుస్తకమును మూసి, కండ్లు తుడుచుకొని మనుమని చేతికిచ్చెను. పిదప లోనికి పోయి, అటకమీది పాత పెట్టెను దించి, తన పుస్తకములను ఒక్కొక్కటిగా అందు సర్దుకొనసాగెను.