చెవికొకటి, కంటికి రెండు

ఇంగ్లీషు నేర్చుకొను మన బాలికలను, ఇంట వారిచే పాఠములు చదివించు తల్లులను ఎక్కువగా బాధించునది వ్యాకరణము కాదని మా యభిప్రాయము. చెవికొక్కటియై కాగితముపై రెండగు పదములే వారికి గండములు. 'సన్' అన్న సూర్యుడును అగును, కుమారుడును అగును. 'వీక్' అన్న వారము. 'వీక్' అన్న బలహీనము. తెలుగులిపిలో వ్రాసినచో ఈ జంటలకు భేదమే కనబడదు.

మా పొరుగున నున్న యొక యువతి ఉపాధ్యాయినిపనికి దరఖాస్తు వ్రాసినది. జ్వరముచే రెండు వారములు బలహీనముగా నుంటినని చెప్పవలసిన చోట రెండు 'వీక్'లును తారుమారైనవి. ఒక యధికారి పదిమంది యెదుట దానిని చదివి నవ్వెనట. నాటినుండి ఆమె ఇంగ్లీషున నొక్క పంక్తియైన వ్రాయలేదు. భారతపద్యములను తడబడక చదువగల పిల్ల! నవ్వినవారిపై మాకు కోపమే. కాని కోపమువలన వర్ణక్రమము రాదు గదా. సెల్‌ఫోను దిద్దునందురా, రెండును సరియైన పదములే గనుక అదియు తఱచుగా నూరకుండును.

ఆమె తెలివితక్కువది కాదు. విన్నది విన్నట్లు వ్రాయుట మన చదువు నేర్పిన గుణము. ఐనను మన భాషకును ఈ చిక్కు లేకపోలేదు. మా తాతగారు మాకు చదువు చెప్పునపుడు చెట్టు 'వేరు'నకు సాధురేఫమును, భిన్నమను నర్థముగల 'వేఱు'నకు శకటరేఫమును పలకపై దిద్దించిరి. 'ఏరు' అన్న బియ్యములో రాళ్లేరుట. 'ఏఱు' అన్న నది. పూర్వము ఇవి రెండు ధ్వనులు. నోరు ఆ భేదమును మఱచిన పిమ్మటను లిపి చిరకాలము మఱవలేదు. ఇప్పటి పుస్తకములలో నైతే శకటరేఫము దాదాపుగా కనబడదు.

ఇంగ్లీషువారి కథయు నిట్టిదే. 'నైట్' అన్న రాత్రి. 'నైట్' అన్న గుఱ్ఱమెక్కి పోరాడు యోధుడు. యోధునికి మొదట వ్రాయు 'కే' యలంకారము కాదు. పూర్వులు దానిని పలికెడివారు. కాక్స్టన్ అనునాతడు 1476లో ఆ దేశమున ముద్రాయంత్రము నెలకొల్పిన తరువాత వర్ణక్రమము మెల్లమెల్లగా స్థిరపడెను; ఉచ్చారణ మాత్రము మాఱుచునే పోయెను. మాంసమను 'మీట్'నకును, కలిసికొనుట యను 'మీట్'నకును ఒకప్పుడు అచ్చులు వేఱు.

మాకు మిక్కిలి యిష్టమైన జంట వంటింటిది. పువ్వును 'ఫ్లవర్' అందురు. గోధుమపిండికిని అదే ధ్వని. ఇవి పుట్టుకతో రెండు పదములు కావు. విసరిన పిండిలో శ్రేష్ఠమైన మెత్తని భాగమును పువ్వని పిలిచిరి. పిదప వ్రాతలో విడదీసిరి. పువ్వునకు నడుమ 'ఓ, డబ్ల్యూ'. పిండికి 'ఓ, యూ'. ఒకచోట స్థిరముగా అంగడి పెట్టి పుస్తకములమ్మువాడు 'స్టేషనర్' గనుక, వాని సరకైన కాగితములును, కదలక నిలుచుటయు ఒకే మూలమునుండి వచ్చిన పదములు. 'పేపర్' చివర 'ఈ, ఆర్' ఉన్నట్లే కాగితముల స్టేషనరీలోను 'ఈ, ఆర్' వచ్చును. రెండవదానిలో 'ఏ, ఆర్'.

మా వారు బడిలో పట్టికలు వల్లె వేయింతురు. పరీక్షకది చాలును, ఉత్తరము వ్రాయుటకు చాలదు. జంటలోని రెండు పదములను ఒకే వాక్యమున నిమిడ్చి వ్రాయించుట మా పద్ధతి. ఏడు దినముల 'వీక్'లో కవలలవలె రెండు 'ఈ'లు; బలహీనతకు 'ఈ' తరువాత 'ఏ'. అబల యను మాటను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినను మొదటిది 'ఏ'యే. ఆ మాట మాకు రుచింపదు, కాని జ్ఞాపకమునకు పనికివచ్చినది.

ఆ యువతి యిపుడు సాయంకాలములందు మా వసారాలో కూర్చుండి వ్రాయుచున్నది. సూర్యునికి 'యూ', కుమారునికి 'ఓ' అని నిన్న మా చిన్నవానికి తానే చెప్పినది. క్రొత్త దరఖాస్తునకు ఇంకను 12 దినముల గడువున్నది.