రెండో గేరు

మా గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకు ఎత్తుపల్లాలంటే కాలవగట్టు ఎక్కడం, దిగడం. అంతే. కొండ మీంచి బస్సు దింపడం ఒక విద్య అని నాకు నలభై ఏళ్లు దాటాక గాని తెలియలేదు.

2018లో శ్రీరామనవమికి భద్రాచలం వెళ్దామని మా వీధిలో ఎనిమిది కుటుంబాలవాళ్లం రాజమండ్రిలో టూరిస్టు బస్సు మాట్లాడుకున్నాం. బస్సంటే బస్సా అది! టాపు మీద గుండిగలు, బియ్యం బస్తా, పరుపుచుట్టలు. లోపల ముసలివాళ్లు, పిల్లలు, పులిహోర డబ్బాలు. కదిలే ఇల్లే అనుకోండి. నాలుగింటికి బయల్దేరవలసినవాళ్లం ఆరింటికి బయల్దేరాం. నా మూలంగానే అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి దాటాం. చింతూరు వైపు ఘాటు దిగుడు మొదలయ్యేచోట డ్రైవరు బస్సు ఆపేశాడు. కోనసీమ మనిషి, అరవయ్యో పడికి దగ్గర పడ్డవాడు. దిగి, చక్రాలన్నీ చూసుకుని వచ్చి, రెండో గేరు వేశాడు. ఇంజను మూలుగుతోంది. బస్సు పెళ్లి ఊరేగింపులా సాగుతోంది.

"పన్నెండింటికి కల్యాణమండీ. బ్రేకు మీద కాలుంచి, పై గేరులో పోనివ్వకూడదూ?" అన్నాను. వెనక నుంచి మరో నలుగురు అందుకున్నారు.

ఆయన పలకలేదు. వేగం పెరిగినప్పుడు బ్రేకు ఒక్కసారి గట్టిగా నొక్కడం, తగ్గగానే పూర్తిగా వదిలేయడం. వదిలినప్పుడల్లా 'ఛుస్'మని గాలి. ఇంతలో ఒక లారీ మమ్మల్ని దాటుకుని దూసుకుపోయింది. "చూశారా!" అన్నాను కూడా.

నాలుగు మలుపుల తరువాత ఆ లారీయే పక్కకు ఆగి ఉంది. చక్రాల్లోంచి పొగ, మాడు కంపు. క్లీనరు బిందెతో నీళ్లు తెస్తున్నాడు. మా డ్రైవరు బస్సు ఆపి కేకేశాడు: "పొయ్యకురా అబ్బాయ్! డ్రమ్ము పగిలిపోద్ది. దాన్నే చల్లారనియ్యి!"

అప్పుడు నా వైపు తిరిగాడు.

"మాస్టారూ, ధాన్యం బండి గట్టు దిగేటప్పుడు ఆపేదెవరండి? ఎడ్లే కదండి, కాళ్లు నిగడదన్ని! మనకి ఇంజనే ఎడ్లండి. నూట్రలు చేశామంటే కాడి ఇప్పేసినట్టే."

"మరి గాలి అయిపోతే?"

"ముల్లు పడిపోతే బజరు మోగుద్దండి, ఆపేసుకోవాలి. మరీ పోతే వెనక చక్రాలు అవే పట్టేస్తాయండి. ఇబ్బందల్లా వేడితోటండి."

తరువాత చదివి తెలుసుకున్నాను. గాలిబ్రేకుకు అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో పేటెంటు తీసుకున్నది రైళ్ల కోసం. ఇప్పటి బస్సుల్లో వెనక చక్రాల బ్రేకును బిగించేది ఒక బలమైన స్ప్రింగు. దాన్ని వెనక్కి నొక్కి ఉంచేది గాలి. గాలి పోతే స్ప్రింగు బిగుస్తుంది. కాని కాలు తీయకుండా తొక్కి ఉంచితే డ్రమ్ము కాలి వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు వదిలేస్తుంది. టాంకు నిండా గాలి ఉన్నా బస్సు ఆగదు. నేను ఆయనకు చెప్పిన సలహా అదే! వెనక సీట్లో మా పిల్లలిద్దరూ నిద్రపోతుండగా చెప్పాను.

కల్యాణం అందలేదు. తలంబ్రాలు దొరికాయి.

మరుసటేడు, 2019 అక్టోబరు 15న, భద్రాచలం నుంచి వస్తున్న ఒక యాత్రికుల బస్సు అదే ఘాటులో లోయలో పడింది. కొందరు చనిపోయారు. వార్త వినగానే చేతులు వణుకుతూ మా డ్రైవరుకు ఫోను చేశాను. ఎంతసేపటికో ఎత్తాడు. ఇంట్లోనే ఉన్నాడు, అన్నం తింటున్నాడు.

"ఏటండి మాస్టారూ, కల్యాణం అందలేదని ఇంకా కోపం పోలేదాండి?" అన్నాడు.