వెనక సీటుకు చేరే పొగ

పాత అంబాసిడర్‌లో వెనక కూర్చున్నవాళ్లకు కాసేపటికి తల దిమ్మెక్కేది. ప్రయాణం పడలేదని పెద్దవాళ్లు నిమ్మకాయ వాసన చూపించేవారు. చాలాసార్లు నిజంగా కడుపుదే తప్పు. కొన్నిసార్లు మాత్రం తప్పు డిక్కీది.

బండి పరుగెత్తుతుంటే దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. సైలెన్సర్ వదిలిన పొగ అక్కడే సుడి తిరిగి, ఎండి బీటలిచ్చిన డిక్కీ రబ్బరు సందుల్లోంచి లోపలికి దూరుతుంది. ఉక్కపోస్తోందని వెనక అద్దం దించితే ఆ పొగ ఇంకా ఎక్కువగా రావచ్చు.

చేయి తిరిగిన మెకానిక్ డిక్కీ అంచున ఓ కాగితం ముక్క పెట్టి, మూత వేసి, లాగి చూస్తాడు. సులువుగా జారి వచ్చిందా, అక్కడ రబ్బరు పట్టడం లేదన్నమాట. తర్వాత బానెట్ ఎత్తి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఇంజనుకు అతికేచోట నల్లటి మసి చార కోసం వెతుకుతాడు. ఆఖర్న కాళ్లకింది మ్యాట్ తీస్తే, తుప్పు తిన్న రేకులోంచి రోడ్డు కనపడుతుంది.

అంబాసిడర్‌ను తయారుచేసిన ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది. మంత్రుల్నీ పెళ్లికొడుకుల్నీ ఒకే తీరున మోసిన బండ్లలో మిగిలిన కొన్నింటిని ఇప్పుడు మురిపెంగా దాచుకుంటున్నారు. మురిపెం మెరిసే రంగు దగ్గరే ఆగిపోతుంది. వయసు మాత్రం కంటికి ఆనని సందుల్లో ముదురుతుంది.

పొగకు వాసన ఉంటుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు ఉండదు. అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. పాత కారున్నవాళ్లు ఈసారి పాలిష్‌కు ముందు డిక్కీ రబ్బరు చూపించుకోండి.